వేలిముద్ర యంత్రమూ తెల్లకాగితమే

మన పాలమూరు పల్లెల్లో చదువు రాని తల్లులు సైతం పిల్లలకు తప్పకుండా చెప్పే మాట ఒకటి ఉండేది. "తెల్లకాగితం మీద ఏలు పెట్టకు బిడ్డా" అనేవారు. ఆ మాట వెనుక ఎంతో అనుభవం ఉన్నది. కరువు కాలంలో షావుకారు దగ్గరకు పోయి వంద రూపాయలు అడిగితే, ఆయన ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకొని డబ్బు చేతిలో పెట్టేవాడు. పైన ఏమి రాసుకున్నాడో తరువాత గాని తెలిసేది కాదు. వంద ఐదు వందలయ్యేది. ఐదు వందలు ఎకరం పొలమయ్యేది. ముద్ర మనదే గనుక పంచాయితీలో నోరెత్తడానికి వీలుండేది కాదు.

ఆ రోజులు పోయాయని మనం అనుకుంటున్నాము. షావుకారు కాగితం పోయిన మాట నిజమే. కాని వేలు పెట్టడం పోలేదు. పైగా పెరిగింది. రేషన్ బియ్యానికి వేలు. పింఛనుకు వేలు. బ్యాంకులో డబ్బు తీయడానికి వేలు. సిమ్‌కార్డుకు వేలు. భూమి రిజిస్ట్రేషన్‌కు వేలు. తిమ్మాజిపేట మండలంలో ఏ ఊరికి పోయినా అరచేతిలో పట్టేంత యంత్రం ఒకటి, దాని మీద ఎర్రగా వెలిగే గాజుబిళ్ల ఒకటి కనిపిస్తున్నది. దాని మీద వేలు పెట్టని ఇల్లు లేదు.

ఈ యంత్రం మంచిదా, చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ముద్ర వేసే మనిషికి, తాను దేనికి ముద్ర వేస్తున్నాడో తెలుస్తున్నదా లేదా అన్నదే ప్రశ్న. తెలియనప్పుడు ఈ యంత్రం కూడా తెల్లకాగితమే.

"పడ్తలేదు, మల్ల పెట్టు"

కిందటి చలికాలం మా వాడకట్టులోని ఒక ముసలమ్మను వెంటబెట్టుకొని డబ్బు తీయించడానికి పోయాను. మినీ బ్యాంకు అని బోర్డు పెట్టుకున్న ఒక చిన్న దుకాణం అది. ఆమెకు వెయ్యి రూపాయలు కావాలి. ఆధార్ కార్డు చూపింది. వేలు పెట్టింది.

"పడ్తలేదు అవ్వా, ఇంకో ఏలు పెట్టు" అన్నాడు దుకాణం పిల్లవాడు.

"పత్తి ఏరి ఏరి ఏళ్లు అరిగినయి బిడ్డా, ఏడ పడ్తది?" అన్నది ఆమె.

కొంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టింది. మళ్లీ పడలేదు. అట్లా ఐదు సార్లు పెట్టిన తరువాత "ఆఁ, పడ్డది" అని వెయ్యి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. చీటీ ఏదని అడిగితే కాగితం చుట్ట అయిపోయిందన్నాడు. తిరిగి వస్తూ దారిలో "ఎంత కొట్టిండు అవ్వా?" అని అడిగాను.

"ఇచ్చినంతనే కొట్టిండు కావొచ్చు కొడుకా. నాకేం ఎరుక?"

వారం తరువాత బ్యాంకులో పాసుబుక్కు అచ్చు వేయిస్తే ఆ రోజు వెయ్యి చొప్పున రెండుసార్లు తీసినట్టు ఉన్నది. దుకాణానికి పోయి అడిగాము. ఆ పిల్లవాడు వాదించలేదు. "మిషను తప్పు అయ్యుంటది" అని వెయ్యి తిరిగి ఇచ్చాడు. మిషను తప్పో, మనిషి తప్పో ఈనాటికీ తేలలేదు. పాసుబుక్కు చూడకపోతే ఆ వెయ్యి ఏమయ్యేది అన్న ప్రశ్నకు మాత్రం జవాబు అందరికీ తెలుసు.

వెయ్యి రూపాయలు పట్నం వారికి ఒక పూట ఖర్చు కావచ్చు. ఒంటరి ముసలమ్మకు అది నెల గడిచే ఆధారం. అందుకే ఇది చిన్న విషయం కాదు.

మూడే మూడు చాలు

ఈ యంత్రం ఎట్లా పని చేస్తుందో తెలుసుకోవడం అవసరం. ఆధార్ ద్వారా జరిగే ఈ చెల్లింపుల ఏర్పాటును జాతీయ చెల్లింపుల సంస్థ నడుపుతున్నది. ఖాతాలో డబ్బు తీయడానికి మూడు ఉంటే చాలు. ఆధార్ నంబరులోని 12 అంకెలు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఏటీఎం కార్డు అక్కర్లేదు. రహస్య సంఖ్య అక్కర్లేదు. ఫోనుకు వచ్చే ఓటీపీ అక్కర్లేదు. ఒక్కసారికి పది వేల రూపాయల దాకా తీయవచ్చు.

చదువు రానివారికి ఇంత సులువైన ఏర్పాటు ఇంకొకటి లేదు. ఆ సంగతి ఒప్పుకోవలసిందే. 2011 జనాభా లెక్కల్లో అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యతలో ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకూ అడుగున నిలిచింది. నూటికి 55 మందికి మాత్రమే చదువు వచ్చు. అటువంటి చోట రహస్య సంఖ్య గుర్తుపెట్టుకోమని ముసలివారికి చెప్పడం కష్టమే. వేలు ఎవరూ మరచిపోరు. ఇంట్లో పెట్టి రారు.

కాని ఒక్కసారి మూడింటినీ లెక్క చూడండి. ఆధార్ నంబరు రహస్యమా? మనం ఎన్ని చోట్ల జిరాక్సు ఇచ్చామో మనకే గుర్తు లేదు. ఎరువుల దుకాణంలో ఇచ్చాము. సిమ్ దుకాణంలో ఇచ్చాము. బడిలో ఇచ్చాము. గ్యాసుకు ఇచ్చాము. బ్యాంకు పేరు రహస్యమా? ఊళ్లో అందరికీ ఉండేవి ఒకటి రెండు బ్యాంకులే. ఇక మిగిలింది వేలిముద్ర. తాళానికి మూడు చెవులు ఉన్నాయని పేరే గాని, రెండు చెవులు వాకిట్లోనే పడి ఉన్నాయి. మూడోది ఒక్కటే మన దగ్గర ఉన్నది. అదైనా నిజంగా మన దగ్గరే ఉన్నదా?

పింఛను కోసమే పుట్టిన ముద్ర

వేలిముద్రను సర్కారు పనికి వాడడం మన దేశంలోనే మొదలయిందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు పనికి సామాను సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఆ పత్రం నాది కాదని అనకుండా ఉండడానికి అట్లా చేశాడు. అదే హెర్షెల్ 1877లో హుగ్లీ జిల్లా మేజిస్ట్రేటుగా ఉండగా రెండు పనులకు వేలిముద్ర పెట్టించాడు. ఒకటి పింఛను. రెండోది భూమి రిజిస్ట్రేషన్. పింఛనుదారు చనిపోయినా అతని పేర ఇంకొకరు డబ్బు తీసుకుంటున్నారని మొదటి దానికి పెట్టాడు. అమ్మినవాడు అమ్మలేదని అడ్డం తిరుగుతున్నాడని రెండో దానికి పెట్టాడు.

నూట యాభై ఏళ్లు కావస్తున్నది. ఈనాటికీ మన ముద్ర ముఖ్యంగా ఈ రెండు చోట్లే పడుతున్నది. అప్పుడు ఆ ముద్ర కాగితం మీద ఉండేది. ఆ కాగితం సర్కారు బీరువాలో ఉండేది. బీరువాకు తాళం ఉండేది. దొంగ ఆ ముద్రను చూడాలంటే హుగ్లీ కచేరీకి పోవాలి, గుమాస్తా కన్ను గప్పాలి. చూసినా చేసేది ఏమీ లేదు. ఎందుకంటే ఆ ముద్రతో తెరుచుకునే తలుపు ఇంకెక్కడా లేదు.

ఇప్పుడు ఆ రెండు మాటలూ మారిపోయాయి. కాగితం బీరువాలో లేదు, ఇంటర్‌నెట్‌లో ఉన్నది. ముద్ర సాక్ష్యం మాత్రమే కాదు, బ్యాంకు తాళంచెవి. దస్తావేజు మీది ముద్ర, డబ్బు తీసే ముద్ర రెండూ ఒకటే కావడంతో ఒక చోట పోయినది ఇంకో చోట నష్టం తెచ్చిపెడుతున్నది. ఈ అతుకే మొత్తం చిక్కుకు మూలం.

ధర్మారంలో ఏం జరిగింది?

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. మన రాష్ట్రంలోనే జరిగింది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్మే ఒక యువకుడిని 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అతడు చేసిన పని విచిత్రమైనది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో జనం భూముల దస్తావేజులు ఉన్నాయి. వాటిలో కొన్నవారి, అమ్మినవారి ఆధార్ నంబర్లు ఉన్నాయి. పక్కనే బొటనవేలి ముద్రలూ ఉన్నాయి. అతడు వాటిని దించుకున్నాడు. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో ఆ ముద్రలను పోత పోసుకున్నాడు. ఆ నకిలీ వేళ్లను యంత్రం మీద పెట్టి వేల కొద్దీ సిమ్‌కార్డులు ఇతరుల పేర తీశాడు. అమ్మకంలో లక్ష్యం చేరుకోవడానికి ఇంత పని చేశాడని పోలీసులు చెప్పారు. ఒకే చోట నుంచి ఇన్ని ముద్రలు ఎందుకు వస్తున్నాయని ఆధార్ సంస్థకు అనుమానం రావడంతో గుట్టు బయటపడింది.

నాలుగేళ్లు తిరగకుండానే ఇదే విద్య డబ్బు మీదికి మళ్లింది. కడప ప్రాంతానికి చెందిన ఒక ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి ముద్రలు దొంగిలించి, నకిలీ వేళ్లతో వంద మందికి పైగా ఖాతాల్లో డబ్బు కాజేసినట్టు 2022లో సైబరాబాద్ పోలీసులు ప్రకటించారు.

ఈ రెండు సంఘటనల్లో ఒక విషయం గమనించాలి. డబ్బు పోయినవారు చేసిన తప్పేమిటి? ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఫోనులో లింకు నొక్కలేదు. లాటరీ ఆశకు పోలేదు. చట్టం చెప్పినట్టు సర్కారు కచేరీకి పోయి, సర్కారు అధికారి ఎదుట, సర్కారు కాగితం మీద వేలు పెట్టారు. అంతే. జాగ్రత్తగా ఉండండి అని గ్రామస్థులకు రోజూ చెప్పే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి. ముద్రను దాచవలసిన చోట దాచకుండా బజారున పెట్టినవారిని వదలి, ముద్ర వేసినవాడిని జాగ్రత్త పడమంటే అది న్యాయం కాదు.

వేలిముద్రలు బయటపడడానికి ముందే నంబర్లు బయటపడ్డాయి. 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు సర్కారు వెబ్‌సైట్లలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు ఎవరైనా చూసే విధంగా ఉన్నాయని అందులో చెప్పారు. ఆ నాలుగింటిలో రెండు కేంద్రానివి, రెండు ఆంధ్రప్రదేశ్‌వి. అవి ఎవరి నంబర్లు? పింఛను తీసుకునే ముసలివారివి, ఉపాధి పనికి పోయే కూలీలవి. షావుకార్లవి కావు, ఆఫీసర్లవి కావు.

మార్చుకోలేని తాళంచెవి

ఇంటి తాళంచెవి పోతే తాళం మారుస్తాము. ఏటీఎం కార్డు పోతే బ్యాంకు ఇంకో కార్డు ఇస్తుంది. రహస్య సంఖ్య తెలిసిపోతే కొత్తది పెట్టుకుంటాము. వేలిముద్ర దొంగల చేతికి పోతే ఏం చేయాలి? వేలు మార్చుకోగలమా?

మార్చుకోవాలని చూసినవారు లేకపోలేదు. 2022 ఆగస్టులో ఘట్‌కేసర్ దగ్గర రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కువైట్ నుంచి వెళ్లగొట్టబడి, మళ్లీ అక్కడికే పోవాలనుకునే కూలీలకు వీరు వేళ్ల కొసలు కోసి కుట్లు వేస్తున్నారు. మనిషికి రూ.25,000 చొప్పున తీసుకున్నారు. అట్లా కోసుకున్నా ఏడాదిలోగా పాత గీతలే మళ్లీ వస్తాయని ఆ కేసులో తేలింది. పొట్టకూటి కోసం వేళ్లు కోయించుకున్న ఆ మన తెలుగు కూలీల బాధ వేరే కథ. కాని ఒక నిజం మాత్రం అందులో ఉన్నది. దేవుడిచ్చిన ముద్రను కత్తితో కోసినా మార్చలేము. అటువంటి దానిని బ్యాంకుకు తాళంచెవిగా పెట్టినప్పుడు, దానిని కాపాడే బాధ్యత మామూలు తాళంచెవి కంటే నూరు రెట్లు ఎక్కువ ఉండాలి కదా.

సంగతి తెలియక సర్కారు ఊరకే ఉన్నదని కూడా అనలేము. నకిలీ వేలా, బతికి ఉన్న మనిషి వేలా అని కనిపెట్టే కొత్త పద్ధతిని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో తెచ్చింది. యంత్రం పట్టుకునే ఆపరేటర్ల పూర్వాపరాలు బ్యాంకులు బాగా విచారించాలని, మూడు నెలలు పని చేయనివారిని మళ్లీ విచారించిన తరువాతే అనుమతించాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. 2026 జనవరి 1 నుంచి ఈ నియమం పెట్టింది. ఇవి మంచి పనులే. రబ్బరు వేళ్ల దొంగలకు దారి ఇరుకయింది.

కాని ముసలమ్మ సంగతి చూడండి. ఆమె పెట్టింది రబ్బరు వేలు కాదు, సొంత వేలు. యంత్రం వేలిలో ప్రాణం ఉన్నదా అని చూస్తుంది. ఆ ప్రాణికి ఎంత డబ్బు పోతున్నదో తెలుసా అని చూడదు. ఒకసారి అనుకొని వేలు పెడితే రెండుసార్లు లెక్క పడినా, వెయ్యి అనుకొని పెడితే మూడు వేలు లెక్క పడినా, యంత్రం దృష్టిలో అంతా సక్రమమే. తెల్లకాగితం నీతి ఇక్కడే పనికి వస్తున్నది.

ఫోను ఒకచోట, ఖాతా ఒకచోట

డబ్బు తీసిన వెంటనే ఫోనుకు సమాచారం వస్తుంది కదా, ఇంకేం భయం అని చదువుకున్నవారు అంటారు. మన జిల్లా సంగతి వారికి తెలియదు. కొడుకు, కోడలు మేస్త్రీ వెంట హైదరాబాద్‌కో, బొంబాయికో కట్టడం పనికి పోతారు. ఇంట్లో ముసలివారు, పిల్లలు ఉంటారు. ఖాతాకు కలిపిన నంబరు కొడుకుది. సమాచారం బొంబాయిలో ఇటుకలు మోస్తున్నవాడి జేబులో మోగుతుంది. అతడు చూసుకునేది రాత్రికి. చూసినా ఇంగ్లీషులో ఉన్నది ఏమిటో తెలియదు.

కొందరి ఖాతాకు ఎప్పుడో మూలపడ్డ సిమ్ నంబరు ఉన్నది. మూడు నెలలు వాడని నంబరును కంపెనీ తీసేసి తరువాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన ఖాతా సంగతులు ముక్కూ మొహం తెలియని మనిషికి పోతుంటాయి. మన ఇంటి కబురు ఊరి అవతలివాడికి చేరినట్టు అన్నమాట. ఊళ్లో ఎంత మంది ఖాతాలకు సరైన నంబరు ఉన్నదో ఒక్క రోజు కూర్చొని లెక్క తీస్తే ఎవరికి వారే ఆశ్చర్యపోతారు.

"దాచడానికి మాకేమున్నది?"

ఈ విషయం మాట్లాడితే కొందరు నవ్వుతారు. "మా దగ్గర దాచేదేమున్నది? దాచుకునేది ఉన్నవాళ్లకు గాని మాకెందుకు?" అంటారు. ఇది పొరపాటు. ఉన్నవాడికి వెయ్యి పోతే తెలియకపోవచ్చు. పోయినా వకీలు ఉన్నాడు, బ్యాంకు మేనేజరు ఫోనులో ఉన్నాడు. లేనివాడికి ఉన్నది ఆ ఒక్క ఖాతా, ఆ ఒక్క వేలు.

మన వివరాలు మనవే అన్న హక్కు పేదవాడికీ ఉన్నదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరయిన కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. ఎవరి గుట్టు వారిది అన్నది ప్రాథమిక హక్కు అన్నారు. 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన ఇంకో తీర్పులో, సర్కారు సాయానికి ఆధార్ అడగవచ్చు గాని బ్యాంకు ఖాతాకు, సిమ్‌కార్డుకు తప్పనిసరి చేయరాదన్నారు. ఆ తరువాత 2023 ఆగస్టులో పార్లమెంటు వ్యక్తుల వివరాల రక్షణకు చట్టం చేసింది. వివరాలు కాపాడలేని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి.

తీర్పు ఢిల్లీలో ఉన్నది. చట్టం ఢిల్లీలో ఉన్నది. వేలు మాత్రం తిమ్మాజిపేటలో ఉన్నది. ఈ రెంటి నడుమ దూరం తగ్గించడమే ఇప్పుడు కావలసిన పని.

ఎవరు ఏం చేయాలి?

సర్కారు ముందుగా చేయవలసినది ఒకటి ఉన్నది. ఏ దస్తావేజు నకలులోనూ, ఏ వెబ్‌సైటులోనూ వేలిముద్ర గాని, ఆధార్ పూర్తి నంబరు గాని బయటివారికి కనపడరాదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చిన తరువాత సాగు భూముల రిజిస్ట్రేషన్ మండల తహసీల్దారు కచేరీకే వచ్చింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పేరు ఏదైనా, భూమి కాగితం ఊరి దగ్గరికి రావడం సంతోషమే. అట్లాగే ఆ కాగితం మీది ముద్రను కాపాడే పూచీ కూడా ఊరి దగ్గరికి రావాలి. ఆపరేటరు దగ్గర, జిరాక్సు దుకాణంలో దస్తావేజు కాపీలు పోగుపడకుండా తహసీల్దారులు చూడాలి.

బ్యాంకులు చేయవలసినది ఇంకొకటి. అడిగినవారికి మాత్రమే వేలితో డబ్బు తీసే సౌకర్యం ఇవ్వాలి. అడగనివారికి ఆ తలుపు మూసి ఉంచాలి. తీసే మొత్తం ఎంతో యంత్రం తెలుగులో పైకి చెప్పాలి. పాలు పోసే కేంద్రంలో, కిరాణా కొట్టులో ఫోను డబ్బు వస్తే "ఇంత వచ్చింది" అని డబ్బా అరుస్తున్నది. దుకాణందారుకు వచ్చే డబ్బును అరిచి చెప్పగల యంత్రం, ముసలమ్మ ఖాతా నుంచి పోయే డబ్బును అరిచి చెప్పలేదా? ఇది చేతకాని పని కాదు, చేయాలని అనుకోని పని.

పంచాయతీలు చేయవలసినది మూడోది. ఊళ్లో యంత్రం పెట్టుకున్నవారు ఏ బ్యాంకు తరఫున పనిచేస్తున్నారో, ఫిర్యాదుకు ఏ నంబరు అన్నది పెద్ద అక్షరాలతో దుకాణం ముందు రాయించాలి. చీటీ ఇవ్వని చోట ముద్ర వేయవద్దని గ్రామసభలో చాటింపు వేయించాలి. మంచిగా పనిచేసే ఆపరేటర్లే ఎక్కువ. ఒకరిద్దరి వల్ల అందరికీ మచ్చ రాకుండా ఉండాలంటే వారికి కూడా ఇదే మేలు.

ఇక మనం చేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వేలు పెట్టే ముందు ఎంత కొడుతున్నారో తెర మీద చూడాలి. చూడడం రాకుంటే బడికి పోయే పిల్లను వెంట తీసుకుపోవాలి. ముద్ర పడలేదని అంటే, పడలేదన్న చీటీ అడగాలి. ఒక్కోసారి మొదటిసారే పడి ఉండవచ్చు. డబ్బు తీసిన చీటీ తీసుకోకుండా దుకాణం మెట్టు దిగరాదు. నెలకొకసారి పాసుబుక్కు అచ్చు వేయించుకోవాలి. జిరాక్సు ఇవ్వవలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనపడని ఆధార్ ఇవ్వవచ్చు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో అటువంటి కార్డు దొరుకుతుంది.

వేలితో డబ్బు తీసే అవసరం లేనివారు ముద్రకు తాళం వేసుకోవచ్చు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో, ఫోనులోని దాని యాప్‌లో ఈ ఏర్పాటు ఉన్నది. ఆధార్‌కు ఫోను నంబరు కలిపి ఉండాలి. తాళం వేస్తే ఎవరు వేలు పెట్టినా, చివరకు మనమే పెట్టినా, యంత్రం ఒప్పుకోదు. రేషన్‌కో, పింఛనుకో వేలు కావలసిన రోజున తాళం తీసుకొని, పని కాగానే మళ్లీ వేసుకోవాలి. ముసలివారికి ఇది కొంచెం కష్టమే. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఆ పని చేసిపెట్టాలి. సందేహం వస్తే 1947 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

డబ్బు పోయినట్టు తెలిస్తే సిగ్గుపడి ఇంట్లో కూర్చోరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మన తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా మూడోవాడి మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసినవారు ఒక్క రూపాయి కూడా నష్టపోనవసరం లేదు. ఆ నష్టం బ్యాంకు భరించాలి. ఆలస్యం చేస్తే మన వాటా పెరుగుతుంది. మీ తప్పే అని కౌంటరు దగ్గర ఎవరైనా అంటే ఈ ఉత్తర్వు గుర్తు చేయాలి.

వేలు పెట్టడం మానేద్దామని ఎవరూ అనడం లేదు. జడ్చర్లకో, నాగర్‌కర్నూలుకో ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని బ్యాంకు ముందు నిలబడిన రోజులు మనకు ఇంకా గుర్తున్నాయి. ఊళ్లోనే డబ్బు చేతికి రావడం ముసలివారికి, కుంటివారికి ఎంత మేలో చెప్పనక్కర్లేదు. రేపు వేలు బదులు ముఖం చూసే యంత్రాలు వస్తాయి. కొన్నిచోట్ల వచ్చాయి కూడా. ముఖమూ మార్చుకోలేనిదే. అప్పుడూ అడగవలసిన ప్రశ్న ఇదే. నా గుర్తు ఎవరి దగ్గర ఉన్నది? దానితో ఏమి చేశారో నాకు చెబుతున్నారా? అది పోతే జవాబుదారీ ఎవరు?

మన అమ్మమ్మలకు చదువు రాదు. అయినా రాయని కాగితం మీద ముద్ర వేయరాదని వారికి తెలుసు. షావుకారు ఎంత మంచివాడైనా ముందు రాయమనేవారు, చదివించుకొని వినేవారు, ఆ తరువాతే వేలు చాచేవారు. యంత్రం ముందు కూర్చున్న పిల్లవాడు ఎంత మంచివాడైనా అదే చేద్దాం. "ఎంత రాసినవ్, చదువు బిడ్డా" అని అడుగుదాం. విన్న తరువాతే వేలు పెడదాం.